చిక్కుడు పూసే వేళకు తొలి ఫ్రాస్ట్

సెప్టెంబరు చివర్లో సెంట్రల్ న్యూజెర్సీలో తెలుగువాళ్ల పెరళ్లు చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. ఫెన్స్ మొత్తం చిక్కుడు తీగ కమ్మేసి ఉంటుంది. ఊదారంగు పూలగెలలు అప్పుడప్పుడే తలెత్తుతుంటాయి. డెక్ పక్కన మనిషెత్తు గోంగూర, పందిరికి వేలాడుతున్న రెండు మూడు సొరకాయలు, కొమ్మలు విరిగేంత పచ్చి టమాటాలు. ఇంకో నెల ఆగితే బుట్టలకొద్దీ కాపు వస్తుందనిపిస్తుంది. ఆ నెల పూర్తి కాకముందే ఒక సాయంత్రం ఫోన్లో వాతావరణ శాఖ వారి ఫ్రాస్ట్ అడ్వైజరీ, అంటే మొక్కల మీద తేమ గడ్డకట్టే చలి రావచ్చన్న హెచ్చరిక, మోగుతుంది. మర్నాడు ఎండ పడేసరికి చిక్కుడాకులు ఉడికించిన పాలకూరలా నల్లబడి ఫెన్స్‌కు అతుక్కుపోయి ఉంటాయి. మే నెల నుంచి పోసిన నీళ్లు, వేసిన ఎరువు, కట్టిన తాళ్లు అన్నీ ఆ ఒక్క రాత్రితో సరి.

ఏటా ఇదే జరుగుతున్నా చాలా ఇళ్లలో దీన్ని దురదృష్టం కిందే జమ కట్టేస్తారు. నిజానికి ఇందులో ముందుగా తెలియనిది దాదాపు ఏమీ లేదు. తోటలో ఏది దక్కుతుందో, ఏది పోతుందో సెప్టెంబరు మొదటి పదిరోజుల్లోనే తేలిపోతుంది. ఫ్రాస్ట్ పడే రాత్రి దుప్పట్లు పట్టుకుని పరిగెత్తడం ఆఖరి అంకం మాత్రమే.

ముందు మాట దగ్గరే ఒక చిక్కుంది. తెలుగులో పొగమంచు, రాత్రి కురిసే మంచు, హిమాలయాల మీది మంచు అన్నీ మంచే. పైగా మన దగ్గర మంచు పంటకు మేలు చేసేదిగానే పేరుపడింది. రబీ శెనగ మంచుకే పెరుగుతుందంటారు. ధనుర్మాసం మంచులో చిక్కుడు విరగకాస్తుంది. లంబసింగి లాంటి మన్యం ఊళ్లను పక్కన పెడితే, నీరు గడ్డకట్టే చలి తెలుగు రైతు అనుభవంలో లేదు. అందుకే అమెరికాలో "రేపు మంచట" అంటే స్నో కురుస్తుందని ఆకాశం వైపు చూస్తారు. ఫ్రాస్ట్ పైనుంచి కురవదు. రాత్రి ఆకు ఉపరితలం చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువగా చల్లబడి, గాలిలోని తేమ దాని మీదే తెల్లటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. మబ్బు లేని, గాలి ఆడని, చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రి దీనికి అనువైనది. పగలంతా నేల పట్టుకున్న వేడి అడ్డేమీ లేక ఆకాశంలోకి వెళ్లిపోతుంది. మబ్బుంటే కప్పిన దుప్పటిలా ఆ వేడిని కొంత ఆపుతుంది. గాలి వీస్తుంటే పైనున్న వెచ్చటి గాలి కిందికి కలుస్తుంది. కాబట్టి ఈదురుగాలి, ముసురు ఉన్న అక్టోబరు రాత్రికన్నా "అబ్బ, ఎంత నిర్మలంగా ఉందో" అనిపించే రాత్రికే ఎక్కువ భయపడాలి.

ఫోన్లో చూపించే అంకె కూడా మోసం చేస్తుంది. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరు నేలకు ఐదారడుగుల ఎత్తున ఉంటుంది. బరువైన చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారి నేలబారున నిలుస్తుంది. పైనున్న థర్మామీటరు 36 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తున్నప్పుడే వంకాయ మొక్క మొదట్లో 32 డిగ్రీలు, అంటే నీరు గడ్డకట్టే చలి, ఉండొచ్చు. వాతావరణ శాఖ 33 నుంచి 36 డిగ్రీల మధ్యే ఫ్రాస్ట్ అడ్వైజరీ ఇచ్చేది ఇందుకే. 32, అంతకన్నా తక్కువకు పడుతుందనుకుంటే ఫ్రీజ్ వార్నింగ్ ఇస్తారు. రెండూ ఒకటి కావు. మొదటిదాన్ని పాత దుప్పటితో దాటొచ్చు, రెండోదాన్ని చాలాసార్లు దాటలేం. ఒకే పెరట్లో కూడా ఇంటి దక్షిణపు గోడనానుకున్న మిరప మొక్కలు బతికి, పల్లంలో ఫెన్స్ మూలనున్న బెండ మాడిపోవడం మామూలే.

సగటు తేదీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సెంట్రల్ న్యూజెర్సీలో తొలి ఫ్రాస్ట్ సాధారణంగా అక్టోబరు రెండో సగంలో పడుతుంది. షికాగో శివార్లలో అక్టోబరు మధ్యకు అటూ ఇటూగా వస్తుంది. డల్లాస్ వాళ్లకు నవంబరు మూడో వారం దాకా గడువుంటుంది. సగటు అంటేనే దాదాపు సగం ఏళ్లలో అంతకన్నా ముందే పడుతుందని. ఏ ప్రాంతంలో ఏ మొక్క చలికాలం తట్టుకుంటుందో చెప్పే జోన్ నంబరు చూసి ధైర్యపడటమూ పొరపాటే. అమెరికా వ్యవసాయ శాఖ 2023 నవంబరులో కొత్త జోన్ మ్యాప్ విడుదల చేసింది. ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున ఎంతవరకు పడిపోతుందన్నదే ఆ మ్యాప్ చెబుతుంది. ఆ నంబరు దానిమ్మకు, గులాబీకి పనికొస్తుంది. తోటకూరను ఎప్పుడు కోసుకోవాలో దాన్ని చూసి తెలుసుకోలేం.

ఇక చిక్కుడు సంగతి. ఇదే అసలైన ముడి. మన పాత రకం పాదు చిక్కుడు పగటి పొడుగును బట్టి పూస్తుంది. పగలు తగ్గుతోందని పసిగట్టాకే తీగ పెరగడం తగ్గించి పూతకు వస్తుంది. గోంగూరదీ అదే స్వభావం. విజయవాడలో ఆగస్టు 15న పగలు సుమారు 12 గంటల 40 నిమిషాలు. అంతే పగలు న్యూజెర్సీలో దాదాపు సెప్టెంబరు 10న వస్తుంది, ఎందుకంటే అక్కడ వేసవి పగళ్లు 15 గంటల దాకా సాగుతాయి. విజయవాడ చిక్కుడుకు ఆ సంకేతం అందాక వానాకాలం చివరి తేమ, చలికాలపు లేత ఎండ అన్నీ కలిసి నాలుగైదు నెలల కాపు ముందుంటుంది. సంక్రాంతికి ఇంటింటా చిక్కుడుకాయ కూర అందుకే. న్యూజెర్సీలో అదే సంకేతం అందేసరికి మిగిలేది ఐదారు వారాలు. పగలు తగ్గుతోందంటే విజయవాడలో కాపు మొదలైనట్టు, న్యూజెర్సీలో గడువు ముగిసినట్టు. మొక్క తప్పేమీ లేదు. అది తన ఊరి పంచాంగాన్నే నమ్ముకుంది.

దీనికి ఎరువులతో మందు లేదు. జూలైలో పచ్చగా ఏపుగా ఉందని మురిసి నత్రజని వేస్తే పూత ఇంకా వెనక్కి పోతుంది. చేయగలిగింది విత్తనం మార్చడం. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క జయ్, అర్క విజయ్ వంటి పొట్టి చిక్కుడు రకాలు పగటి పొడుగుతో పనిలేకుండా పూస్తాయి. అలాంటివి మేలో పెడితే వేసవిలోనే కాయ తెగుతుంది. పాదు చిక్కుడు మీద మమకారం ఉన్నవాళ్లు దాన్ని ఇంటి గోడవైపు, కప్పడానికి వీలయ్యేలా ఎనిమిదడుగులు దాటనివ్వకుండా పెంచుకోవాలి. ముప్పై అడుగుల ఫెన్స్ నిండా పాకించడం కంటికి పండగే గానీ, ఆ తీగను ఏ చీరా కప్పలేదు.

సొర, బీర, పొట్ల పాదులకు సెప్టెంబరు మొదట్లో కత్తెర పట్టాల్సిందే. ఇక్కడే చాలామందికి మనసొప్పదు. వేసవి వేడిలో సొరపిందె కూరకు వీలయ్యే కాయ కావడానికి రెండు వారాలు చాలు. రాత్రులు చల్లబడ్డాక అదే పిందెకు మూడు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. అంటే ఫ్రాస్ట్ తేదీకి మూడు వారాల ముందు నుంచి పూసే పూలన్నీ వృథా. పైగా సొరపువ్వు సాయంత్రం విచ్చుకుని రాత్రి తిరిగే చిమ్మటల వల్ల ఫలదీకరణ చెందుతుంది. చల్లని రాత్రుల్లో చిమ్మటలు తిరగవు కాబట్టి పిందెలు పసుపుబారి రాలిపోతాయి. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు తాకిస్తే ఆ కొన్ని రోజులు దక్కించుకోవచ్చు. ఆ తర్వాత తీగ కొసలు తుంచి, కొత్త పూలు గిల్లేసి, ఉన్న పిందెలకే బలం పోయేలా చేయడం మేలు. టమాటాకూ ఇదే పని. సెప్టెంబరు మొదటి వారంలో ప్రతి కొమ్మ తల తుంచేస్తే, ఉన్న కాయలు ఊరతాయి.

ఈ దశలోనే తేల్చుకోవాల్సిన ఇంకో సంగతి విత్తనం. కూరకు వండే సొరకాయలో గింజ లేతది, అది మొలవదు. పాదు మీదే తోలు చెక్కలా గట్టిపడి, గోరు గుచ్చితే దిగని స్థితికి రావాలి. అందుకు పిందె పట్టిన దగ్గర్నుంచి రెండు నెలల దాకా పడుతుంది. కాబట్టి గింజకు వదిలే కాయను ఆగస్టు మొదటికల్లా ఎంచి, తొడిమకు గుడ్డపీలిక కట్టి, ఎవరూ కోయకుండా కాపాడుకోవాలి. చివర్లో మిగిలిన కాయ ఏదో ఒకటి గింజకు వదిలేద్దామంటే కుదరదు. ఫ్రాస్ట్ తగిలిన పచ్చికాయలో గింజ కూడా చచ్చిపోతుంది, ఎందుకంటే దానిలో ఉన్న నీరే గడ్డకట్టి దాన్ని చీల్చేస్తుంది. బాగా ఎండిన గింజను ఫ్రీజర్లో పెట్టినా ఏమీ కాదు. ఇండియా నుంచి విత్తనాలు సూట్‌కేసులో వేసుకొచ్చేయడానికీ వీల్లేదు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం గానీ చిన్న మొత్తాలకు ఇచ్చే పర్మిట్ గానీ కావాలి. అలాంటప్పుడు చేతిలో ఉన్న మంచి బీరవిత్తు ఒక్క రాత్రి అజాగ్రత్తకు పోవడం కూరకాయ పోవడంకన్నా పెద్ద నష్టం.

హెచ్చరిక వచ్చిన సాయంత్రం చీకటి పడటానికి రెండు గంటలే ఉంటే, కనిపించినదల్లా తెంపడం మొదలుపెడతారు. అలా చేస్తే ఎర్రటి టమాటాలు బుట్టలోకి చేరతాయి, గోంగూర మిగిలిపోతుంది. వరస తిరగేయాలి. ముందు ఆకు. తులసి, బచ్చలి, తోటకూర, గోంగూర ఫ్రాస్ట్ తగిలాక దేనికీ పనికిరావు. ఆకులోని కణాలు పగిలి నీరు ఊరిపోతుంది. గోంగూర నిల్వపచ్చడికి తడి పనికిరాదని ఇంట్లో ప్రతివాళ్లకూ తెలుసు, ఇక నీరు కారే ఆకుతో ఏం పెడతారు? సాయంత్రమే కొమ్మలతో సహా నరికి గరాజ్‌లో పడేస్తే, ఆకు దూయడం రాత్రి తీరిగ్గా కూర్చుని చేసుకోవచ్చు. కడిగి, పాత పంచె మీద పరిచి, ఫ్యాన్ కింద ఒక రోజంతా ఆరబెట్టాలి. చేత్తో పట్టుకుంటే చల్లగా కాక పొడిగా తగలాలి. అప్పుడు నూనెలో మగ్గనిస్తే పండుమిర్చితో కలిపి నూరినది మళ్లీ వేసవి దాకా నిలుస్తుంది.

ఆకు తర్వాత బెండ, వంకాయ, మిరప. వీటికి అసలు ఫ్రాస్ట్ దాకా అక్కర్లేదు, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి రాత్రులు దిగుతుంటేనే జబ్బుపడినట్టవుతాయి. చలికి కొబ్బరినూనె గడ్డకడుతుంది, నువ్వులనూనె కట్టదు. మొక్క కణాల చుట్టూ ఉండే పొరలోనూ కొవ్వులే ఉంటాయి. ఉష్ణమండలపు మొక్కల్లో అవి కొంచెం చలికే బిగుసుకుపోయి, కణం లోపలికీ బయటికీ రాకపోకలు స్తంభిస్తాయి. కోసి తెచ్చిన వంకాయను ఫ్రిజ్‌లో మరీ చల్లటి చోట పెడితే తోలు మీద గుంటలు పడి లోపల గింజ నల్లబడేదీ ఇందుకే. మిరపను మొక్కతో సహా పీకి గరాజ్‌లో తలకిందులుగా వేలాడదీస్తే కాయలు నెమ్మదిగా పండుతాయి. వేళ్లలో మన్ను మిగిలున్నా ఫర్వాలేదు.

టమాటా దగ్గర కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఎక్కువ పారబోసేది ఇదే. పచ్చి కాయల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కోసి చూడండి. కత్తి కింద గింజలు తెగిపోతే ఆ సైజు కాయలు ఇంకా ఊరలేదు, ఎన్నాళ్లుంచినా పండవు. గింజలు చుట్టూ ఉన్న జిగురులో జారి పక్కకు తప్పుకుంటే కాయ ఊరింది, పచ్చగా ఉన్నా ఇంట్లో పండుతుంది. ఊరిన కాయల్ని ఒక్కొక్కటిగా తుడిచి, కాగితాల మధ్య ఒకే వరసలో పరిచి, 60 నుంచి 70 డిగ్రీలుండే గదిలో పెట్టాలి. ఎండ అక్కర్లేదు. కిటికీలో వరసగా పేర్చడం వల్ల వచ్చే లాభమేమీ లేదు. పండించేది కాయ వదిలే ఇథిలీన్ వాయువు. పక్కన ఒక పండిన అరటిపండు పెడితే పని వేగంగా జరుగుతుంది. కొన్ని చల్లటి బేస్‌మెంట్‌లో, కొన్ని వంటింట్లో పెడితే నవంబరు అంతా దఫదఫాలుగా పండుతాయి. ఊరని కాయలు పచ్చి టమాటా పచ్చడికి, పప్పులోకి. ఆ పుల్లదనం పండిన టమాటాకు ఎక్కడిది?

గుమ్మడి, బూడిద గుమ్మడి లాంటి గట్టి తోలు కాయల్ని చాలామంది "అవి ఏమవుతాయిలే" అని వదిలేస్తారు. బయటికి బాగానే కనిపిస్తాయి, కానీ ఫ్రాస్ట్ తగిలిన తోలు నిల్వకు ఆగదు, మూడు వారాల్లో మెత్తబడుతుంది. మూడు అంగుళాల తొడిమ ఉంచి కోయాలి. తొడిమ పట్టుకుని మాత్రం మోయకూడదు, విరిగిన చోటే కుళ్లు మొదలవుతుంది. చిలగడదుంపలైతే తీగ నల్లబడిన వెంటనే తవ్వేయాలి. చామ ఆకు పడిపోయినా దుంప నేలలో కొన్ని రోజులు భద్రంగానే ఉంటుంది.

కప్పడం గురించి ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. దుప్పటి మొక్కకు వేడినివ్వదు, నేల వదిలే వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి కప్పిన గుడ్డ అంచులు నేలను తాకాలి, గాలి దూరకుండా ఇటుకలు పెట్టాలి. గుడ్డను మొక్క తలకు చుట్టి కాండం దగ్గర తాడుతో బిగించేవాళ్లు ఎంతోమంది. అలా కడితే కింది నుంచి వచ్చే వేడి మొక్కకు అందకుండా బయటే పోతుంది. పాత నేతచీరలు దీనికి చక్కగా సరిపోతాయి, ఐదున్నర గజాల చీర నాలుగు వంకాయ మొక్కల మడిని అవతలి అంచుదాకా కప్పేస్తుంది. ప్లాస్టిక్ షీట్ ఆకుకు తగిలితే తగిలినచోటల్లా ఆకు మాడుతుంది, అందుకని కింద కర్రలు పాతి ఎత్తుగా నిలబెట్టాలి. మధ్యాహ్నమే నేలకు నీళ్లు పెట్టడం మంచిది. తడినేల పొడినేలకన్నా ఎక్కువ వేడిని దాచుకుంటుంది. ఖాళీ పాల గ్యాలన్లలో నీళ్లు నింపి కప్పు కింద పెడితే అవి రాత్రంతా పగటి వేడిని వదులుతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు కూడా గ్రాముకు 80 క్యాలరీల వేడి విడుస్తుంది. పొద్దున ఎండ వచ్చి వెచ్చబడ్డాక చీర తీసేయాలి. లేకపోతే లోపల ఉక్కపోతకు ఆకులు వడిలిపోతాయి, నేల తిరిగి వేడెక్కదు.

ఇంత శ్రమ ఎందుకు, ఎలాగూ చలికాలం వస్తోంది కదా అనిపించవచ్చు. తొలి ఫ్రాస్ట్ తర్వాత చాలా ఏళ్లలో వారం పదిరోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, మళ్లీ వెచ్చటి రోజులు వస్తాయి. ఒకటి రెండు రాత్రులు దాటించగలిగితే మిరప, టమాటా, గోడవారనున్న చిక్కుడు ఆ రోజులన్నీ కాస్తాయి. ఆశ ఉన్నవి ఆ మూడే. బెండ, బీర మీద చీర వృథా. అవి బతికినా ఆ చలిలో కాయవు. వాటిని ఉన్నకాడికి కోసేసి, ఉన్న చీరలన్నీ మిరపకు, టమాటాకు వాడటమే తెలివైన పని.

కుండీల్లోని కరివేపాకును ఫ్రాస్ట్ దాకా ఉంచడం చాలా ప్రమాదం. రాత్రులు 50 డిగ్రీలకు దిగడం మొదలవగానే లోపలికి తేవాలి. తెచ్చేముందు ఆకు అడుగుభాగం, కాండం మీద గోధుమరంగు పొలుసు పురుగులున్నాయేమో చూసి, నీటి ధారతో కడగాలి. ఇంట్లో హీటర్ పొడిగాలికి సగం ఆకు రాల్చడం దాని సహజం. ఆకు రాలింది కదా అని నీళ్లు ఎక్కువ పోయడమే దాన్ని చంపుతుంది. ఆకులేని మొక్క తాగేది తక్కువ, చల్లటి తడిమట్టిలో వేరు కుళ్లుతుంది. పైమట్టి రెండు అంగుళాలు ఎండితేనే నీళ్లు. కరివేపాకు నిమ్మజాతి మొక్క. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు దీని మీద కూడా బతుకుతుంది. అందుకే ఫ్లోరిడా వంటి రాష్ట్రాల నుంచి ఈ మొక్కల్ని బయటికి పంపడం మీద ఆంక్షలున్నాయి. పోయింది కదా, ఫ్లోరిడాలో ఉన్న బంధువుల్ని ఒకటి పంపమందాం అనుకుంటే కుదరదు.

చీరలన్నీ వేడి కోరే మొక్కల మీదే కప్పాలి. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ తేలికపాటి ఫ్రాస్ట్‌కు చావవు. జూన్‌లో చల్లిన కొత్తిమీర చూస్తుండగానే గింజకు పోతుంది, సెప్టెంబరు మొదట్లో చల్లినది నవంబరు దాకా ఆకు ఇస్తుంది. చలి తగిలాక క్యారెట్, పాలకూర తియ్యబడటం కూడా నిజమే. అవి తమలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి, చక్కెర కలిసిన రసం నీళ్లంత తొందరగా గడ్డకట్టదు. బెండ, బీర పీకేసిన మళ్లలోనే అక్టోబరులో వెల్లుల్లి రెబ్బలు రెండంగుళాల లోతున గుచ్చి, రాలిన ఆకులు కప్పేస్తే వచ్చే జూలైకి గడ్డలు. చిక్కుడు మొదలును మాత్రం పీకకుండా నేలమట్టానికి కోసి వేళ్లు లోపలే వదిలేయడం మేలు. వేళ్లతో పాటు వాటి బుడిపెలూ అక్కడే కుళ్లి, వాటిలోని నత్రజని వచ్చే ఏడాది ఆ మడికే పనికొస్తుంది.

న్యూజెర్సీలో నవంబరు 10 దగ్గర్లో పగలు 10 గంటల కిందికి పోతుంది. అక్కడ్నుంచి, మడి మీద వంపు కడ్డీలు పాతి కప్పిన ప్లాస్టిక్ సొరంగం కింద ఎంత వెచ్చగా ఉంచినా పాలకూర, మెంతి దాదాపు పెరగవు. చావవు కూడా, అలాగే నిలిచి ఉంటాయి. డిసెంబరులో కావలసినంత ఆకు ఆ తేదీకే మడిలో తయారై ఉండాలి, అంటే గింజ చల్లే పని సెప్టెంబరులోనే. మిగిలిన మొక్కల్ని వదిలేస్తే జనవరి చివరికి పగలు మళ్లీ 10 గంటలు దాటుతుంది. బయట స్నో ఇంకా కరగకముందే ఆ సొరంగం కింద పాలకూర నడిమి నుంచి లేత ఆకు లేస్తుంది.